పేరు పెట్టని మాట

"ఒసేయ్ తలుపూ, ఇంటన్నావా? పడవెనకాలే తాటిదుంగొకటి తొట్టిలోకి దూరింది. కొంతమంది కళ్ళు నెత్తిమీద పెట్టుకుని తిరుగుతారు, ఆళ్ళకి కనపడదు. నువ్వైనా చూసుకో, లేపోతే నీ రెక్కిరిగి ఊరుకుంటది!"

కాలువ లాకు మీద, ఎగువ తలుపు తిప్పే చక్రం దగ్గర నిలబడి వెంకాయమ్మ అరిచింది. దిగువ చక్రం దగ్గరున్న సీతారత్నం తలెత్తలేదు. అప్పటికే సగం తిప్పిన చక్రాన్ని ఆపి, గోడకు ఆనించిన కొక్కెపు గెడ అందుకుంది. రెండు తలుపుల నడుమ తొట్టి నీళ్ళలో పడవ వెనక నల్లగా, మొసలి వీపులా దుంగ తేలుతోంది. దాన్ని లాగి గట్టు పక్కకు నెట్టి, గెడతో అంది:

"చూశావంటే కొక్కేవా? ఒకళ్ళు గొంతు చించుకుంటే గానీ కనపడని గుడ్డిదానివంట నువ్వు. ఊరికే పడున్నావని లోకువ."

పడవ నడిపే ఏసుపాదం చుట్ట తీసి నవ్వాడు. "ఈ తలుపుకీ కొక్కేనికీ పెళ్ళి చేసేత్తే గొడవొదిలిపోద్దండీ."

ఇద్దరిలో ఎవరూ అతని వంక చూడలేదు. రెండు చక్రాల నడుమ గోడకున్న పలక మాత్రం వెలిగింది. వెంకాయమ్మ అన్న మాటలు దాని మీద ఇంగ్లీషు వాక్యాలై పరుచుకున్నాయి. వాటిలో 'దే', అంటే 'వాళ్ళు', అన్న చిన్న మాట ఎర్రగా మినుకుమంది. ఆ మాటలో నుంచి సన్నని వెలుగుదారం ఒకటి బయలుదేరి, పలక అంచున రాసి ఉన్న పేర్ల మీద కాసేపు తచ్చాడి, సీతారత్నం పేరు దగ్గర ఆగింది. పలక మర్యాదగా అడిగింది:

"ఈ వాక్యంలో 'దే' అంటే సీతారత్నం గారేనా? అవునో కాదో చెప్పండి."

సీతారత్నం రోజూ చేసే పనే చేసింది. చెయ్యి చాచి 'కాదు' అన్న మీట నొక్కింది. దారం తెగి, ఆ మాట కింద 'ఎవరూ కారు' అని పడింది. దిగువ తలుపు తెరుచుకుంది. పడవ ఉప్పునీళ్ళలోకి జారింది.

ఆ పలక పేరు గురిసూది. సముద్రం పైకి వచ్చి డెల్టాలో సగం తినేశాక, మిగిలిన మంచినీటిని కాలువల్లో దాచుకుని, ఉప్పునీటికీ దానికీ మధ్య లాకులు కట్టుకుని బతుకుతున్న కాలం అది. ఆ కాలువల్లో ఒరియా పడవలు, తమిళ పడవలు, బెంగాలీ పడవలు అన్నీ తిరుగుతాయి. అందరికీ కలిపి రాతకోతలన్నీ ఇంగ్లీషులో ఉండాలన్నారు. ఒకసారి ఎక్కడో ఒక లాకు మీద ఎవరో "అది ఎత్తు" అన్నారు. ఇంకొకరు ఎత్తకూడని తలుపు ఎత్తారు. జనంతో నిండిన పడవ బోల్తాపడింది. అప్పుడు పుట్టింది స్పష్టవాక్కు మండలి. ఇకనుంచి ఏ వాక్యంలోనూ 'అది', 'ఇది', 'ఆమె', 'వాళ్ళు' దిక్కులేకుండా తిరగకూడదని, ప్రతి మాటకూ దాని మనిషినో వస్తువునో వెతికి ముడిపెట్టాలని చట్టం చేశారు. ఆ ముడి పెట్టేదే గురిసూది. దానికి అనుమానం వస్తే విన్న మనిషిని అడుగుతుంది. విన్న మనిషి ఔనంటే అదే ఖాయం.

మొదట లాకులకు వచ్చింది. తర్వాత ఆసుపత్రులకూ, బళ్ళకూ, చివరికి ఇళ్ళకూ వచ్చింది. పెళ్ళిచూపుల్లో "మావాళ్ళకి కొన్ని పట్టింపులున్నాయండీ" అంటే ఆ వాళ్ళు ఎవరో, వరసగా పేర్లతో గోడ మీద కనబడేది. "కొందరు నాయకులు" అని ఊరుకున్న ఉపన్యాసకుల బతుకు బజారున పడింది. జనం మొదట్లో చప్పట్లు కొట్టారు. మెల్లగా మాట తగ్గించారు.

తూర్పుకట్ట లాకు మీద మాత్రం మాట తగ్గలేదు.

వెంకాయమ్మ, సీతారత్నం తోడికోడళ్ళు. లాకు కాపలా వాళ్ళ మొగుళ్ళ నుంచి వచ్చిన పని. ఉప్పుగాలికి మోటార్లు బతకవు కనుక తలుపుల చక్రాలు చేత్తోనే తిప్పాలి. ఒకరు ఎగువ, ఒకరు దిగువ. ఒకరి పని అయిందని తెలిస్తే గానీ రెండోవారు మొదలుపెట్టకూడదు. అంటే రోజంతా ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉండాలి. కానీ వాళ్ళిద్దరికీ మాటలు పోయి ఎన్నో ఏళ్ళయింది.

పెద్ద గాలివాన వచ్చిన ఏడాది, దిగువ తలుపు గొలుసు తెగిందని కబురొచ్చింది. వెళ్ళాల్సిన వంతు వెంకాయమ్మ భర్తది. అతనికి జ్వరం అన్నారు. సీతారత్నం భర్త వెళ్ళాడు. తెల్లారాక అతని చెప్పులు గట్టు మీద దొరికాయి, అతను దొరకలేదు. ఆ జ్వరం దొంగజ్వరమని సీతారత్నం నమ్మింది. మర్నాటి నుంచి తోడికోడలితో మాట మానేసింది. కొన్నాళ్ళకు వెంకాయమ్మ భర్త కూడా పోయాడు. అప్పుడూ సీతారత్నం ఆ గుమ్మం తొక్కలేదు.

మాట లేకపోయినా లాకు నడవాలి. అందుకని ఒకరు తలుపుతో మాట్లాడేవారు, ఇంకొకరు కొక్కెంతో మాట్లాడేవారు. "తలుపూ, నీళ్ళు దిగిపోయాయే, తెరుచుకోవే ముదనష్టపుదానా" అని వెంకాయమ్మ అంటే సీతారత్నం చక్రం తిప్పేది. "కొంతమంది పొద్దుటేల నుంచి ఎంగిలి పడలేదు, కళ్ళు తిరిగి కాలవలో పడితే తీసేదెవరు, నేనా?" అని వెంకాయమ్మ గోడను తిడితే, సీతారత్నం లోపలికెళ్ళి గంజి తాగి వచ్చేది. తాగుతూ ఆ తిట్టుకు తగిన తిట్టు వెతుక్కునేది. ఇద్దరి మధ్య ఉన్న పగ ఎంత గట్టిదంటే, దాని మీద కాలేసి నడవొచ్చు. అలాగే నడిచారు కూడా.

గురిసూది వచ్చాక కూడా ఆ నడక ఆగలేదు. పలక అడిగేది, ఇద్దరూ 'కాదు' నొక్కేవారు. 'అవును' అనడమంటే ఆ మాట తనకు తగిలిందని ఒప్పుకోవడమే. ఆ ఓటమి ఇద్దరికీ అక్కర్లేదు.

ఇదిలా ఉండగా మండలి లాకు మనుషులందరికీ చదువు పెట్టింది. హిమజ అనే పరిశీలకురాలు వారం వారం పడవలో వచ్చి పాఠం చెప్పేది. సీతారత్నం జుట్టు నెరిశాక అక్షరాలు పట్టింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాక అసలు పాఠం మొదలైంది: వాక్యంలో 'ఇట్' అంటే ఏమిటి, 'షి' అంటే ఎవరు, 'దట్' ఎక్కడికి పోతుంది.

"పడవ తలుపును గుద్దింది, ఇట్ బ్రోక్. ఏది విరిగిందో చెప్పండి" అంది హిమజ ఒకరోజు.

"పడవేనండీ. మా తలుపు ఉక్కుది" అంది సీతారత్నం.

వెనక వరసలో కూర్చున్న వెంకాయమ్మ చాపతో అంది: "ఎవరి పడవో, ఎవడు నడుపుతున్నాడో కనుక్కోకుండానే తీర్పు చెప్పేసే వాళ్ళుంటారే. ఆళ్ళకి ముందే తెలుసంట, తప్పెవరిదో."

చదువుకు వచ్చినవాళ్ళంతా ముసిముసిగా నవ్వారు. పలక అడిగింది. సీతారత్నం 'కాదు' నొక్కింది కానీ ఆమె చెవులు కాలిపోయాయి.

అప్పటినుంచి ఆ చదువు ఆమెకు వేరుగా కనబడసాగింది. ఎన్నేళ్ళుగానో గాల్లోంచి వచ్చి వీపున పడుతున్న మాటలు. తిరిగి చూస్తే ఎవరూ అననట్టే ఉండేవి. ఇప్పుడు ప్రతి మాటకూ దారం కనబడుతోంది. ఆ దారాన్ని పట్టుకుని లాగితే అవతలి మనిషి పడుతుంది. హిమజ అది కూడా పాఠంలోనే చెప్పింది: ఒక మనిషిని ఉద్దేశించి నింద వేసినట్టు ఖాయమైతే అది గురినింద. పనిచోట గురినింద చేసినవాళ్ళను ఆ చోటి నుంచి తప్పిస్తారు.

తప్పిస్తారు. ఆ మాట సీతారత్నం నోట్లో బెల్లం ముక్కలా ఊరింది. లాకు తనొక్కదానిదే అవుతుంది. ఆ గొంతు ఇక వినబడదు.

ఏసుపాదం మళ్ళీ వచ్చిన రోజున ఆకాశం ముసురు పట్టి ఉంది. తొట్టిలో పడవ దిగుతుండగా సీతారత్నం కావాలనే మొదలుపెట్టింది.

"కొక్కేవా, ముసురొత్తంది. ఇప్పుడు చూడు, కొంతమంది ఇళ్ళల్లో జ్వరాలొత్తాయి. గాలివానకీ ఆళ్ళ మొగుళ్ళ జ్వరాలకీ ఏదో చుట్టరికం."

ఎగువ చక్రం ఆగింది. చచ్చిపోయిన మనిషిని మాటల్లోకి తీసుకురావడం ఇంతవరకూ ఇద్దరూ చెయ్యలేదు. పలక అడిగింది. వెంకాయమ్మ దాని వంక చూడకుండానే 'కాదు' మీటను పిడికిలితో గుద్దింది. తర్వాత తలుపు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"తలుపూ, నువ్వు చూశావు కదే. ఆ పొద్దు మొగుడి చేతికి లాంతరిచ్చి, 'నువ్వెల్లు, మీ అన్నకి బాలేదు' అని తోలింది ఎవరో. తోలిందొకరు. ఆ చావు ఎవరి నెత్తిన రుద్దుదామా అని ఇన్నేళ్ళూ ఎతుకుతంది కూడా ఆవిడే."

ఏసుపాదం చుట్ట నీళ్ళలో పడేశాడు. "అమ్మా, ఊరుకోండమ్మా ఇద్దరూ."

పలక మీద 'షి' అన్న మాట ఎర్రగా మండింది. దారం తచ్చాడలేదు, తిన్నగా వచ్చింది.

"ఈ వాక్యంలో 'షి' అంటే సీతారత్నం గారేనా? అవునో కాదో చెప్పండి."

సీతారత్నం మీటల వైపు చెయ్యి చాచింది. లాంతరు ఇచ్చిన చెయ్యి అదే. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. వెంకాయమ్మ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని బయటికి తీయలేదు. ఇవాళ తీసింది. ఇంక ఆ మనిషి ఉండకూడదు, ఇక్కడ ఉండకూడదు అనుకుంది సీతారత్నం.

'అవును' నొక్కింది.

గురినింద ఖాయమై, ఫిర్యాదు మండలికి చేరినట్టు పలక గంట మోగింది. అంతకు ముందెప్పుడూ తూర్పుకట్ట మీద మోగని గంట. వెంకాయమ్మ తల తిప్పి సూటిగా ఆమె ముఖంలోకి చూసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత చూసిన చూపు. కోపం కంటే అందులో ఆశ్చర్యమే ఎక్కువ. ఆటలో ఎదుటివాడు బల్లనే తిరగేస్తే చూసినట్టు చూసింది.

హిమజ వచ్చింది. లాకు వరండాలో విచారణ పెట్టింది. గట్టు మీద నలుగురూ చేరారు. హిమజ మంచి పిల్ల. ఎవరి మనసూ నొప్పించకూడదనుకునే రకం. వెంకాయమ్మకు మంచినీళ్ళు ఇప్పించి అడిగింది:

"వెంకాయమ్మ గారూ, మీరన్న మాట తలుపును ఉద్దేశించిందా, మనిషినా? తలుపునే అన్నానని మీరు చెబితే నేను అలాగే రాసుకుంటాను."

సీతారత్నం గోడకానుకుని నిలబడింది. తలుపునే అన్నానంటుంది, ఎవరైనా అంతే అంటారు, రేపు మళ్ళీ చక్రం దగ్గర నిలబడి ఇంకో నాలుగు వడ్డిస్తుంది అనుకుంది. అలా అంటే తను పెట్టిన ఫిర్యాదు గాలికిపోతుంది. పోతే పోనీ అని కూడా లోలోపల ఎక్కడో అనిపించింది. ఆ అనిపించడం మీద ఆమెకే కోపం వచ్చింది.

"తన్నే అన్నానని ఎవరు ఒప్పుకున్నారండీ?" అని అడిగింది వెంకాయమ్మ.

"సీతారత్నం గారు."

"మీట తనే నొక్కిందా? ఎవరూ చెయ్యి పట్టుకుని నొక్కించలేదు కదా?"

"లేదండీ."

"అయితే రాసుకోండి. ఆవిడే ఒప్పుకున్నాక నాదేముంది?"

నిబంధన ప్రకారం హిమజ ఖాయమైన వాక్యాన్ని పైకి చదవాలి. చదివింది. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. 'షి' ఉన్న చోటల్లా పేరు చేరింది, 'ఎవరో' ఉన్న చోట పేరు చేరింది.

"సీతారత్నం తన భర్త చేతికి లాంతరు ఇచ్చి, అతనిని పంపింది. సీతారత్నం తన భర్త మరణానికి బాధ్యులెవరా అని వెతుకుతోంది. ఆమె అని చెప్పబడినది తానేనని సీతారత్నం ధ్రువీకరించింది."

గట్టు మీద జనం సీతారత్నం వైపు తిరిగారు. ఎవరో మెటికలు విరిచారు. ఇంకెవరో "అదన్నమాట సంగతి" అన్నారు. ఆ 'అది' ఏమిటో పలక వెంటనే చెప్పింది కూడా. సీతారత్నం లోపలికెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది.

మర్నాడు వెంకాయమ్మ తన ట్రంకుపెట్టెతో పడవెక్కింది. తలుపును తిట్టలేదు. గోడను తిట్టలేదు. వరండా ఊడ్చి మరీ వెళ్ళింది.

ఎగువ చక్రానికి కొత్తమనిషి వచ్చింది. సుభాషిణి అనే ఆ అమ్మాయిని మండలివాళ్ళే తయారు చేశారు. చక్కగా పలుకుతుంది. "ఎగువ తలుపు మూశాను. సీతారత్నం గారు దిగువ తలుపు తెరవవచ్చు." పలక ఎప్పుడూ ఎర్రబడేది కాదు. పడవలు మునుపటికంటే చురుగ్గా కదిలాయి. తూర్పుకట్ట లాకుకు మండలి మెచ్చుకోలు కూడా వచ్చింది.

సీతారత్నం కొక్కెంతో మాట్లాడబోయేది. ఎవరినని మాట్లాడాలి? "కొంతమంది..." అని మొదలుపెట్టగానే సుభాషిణి కంగారుగా, "ఎవరండీ? నేనేమైనా పొరపాటు చేశానా?" అనేది. "నువ్వు కాదమ్మా" అనేది సీతారత్నం. అంతటితో మాట చచ్చిపోయేది.

ఒకనాడు ఆమెకు ఒళ్ళు కాలిపోయింది. చక్రం పట్టుకుని తూలింది.

"సీతారత్నం గారికి ఒంట్లో బాగుందా?" అని అడిగింది సుభాషిణి.

"బాగుంది."

"సరే అండీ" అని ఆ అమ్మాయి తన పని చూసుకుంది. పలక కూడా నమ్మింది. వాక్యంలో అనుమానించడానికి ఏమీ లేదు.

సీతారత్నం ఆ పూట మంచం మీద పడి పైకప్పు చూస్తూ, వెంకాయమ్మే అయితే ఈపాటికి గోడ బద్దలయ్యేలా అరిచేది కదా అనుకుంది. 'కొంతమందికి చావొచ్చినా చెప్పరు, పాడెకి నలుగుర్ని నేనెక్కడ తేను' అనేది. ఎంత ఒళ్ళు మండేది ఆ మాటలకి! మండి, లేచి కషాయం కాచుకునేది. ఇప్పుడు లేవాలనే అనిపించడం లేదు.

జ్వరం తగ్గాక హిమజను అడిగింది. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే?"

"తీసుకోవచ్చండీ. కానీ మీతో కలిసి పనిచేస్తానని వెంకాయమ్మ గారు తన నోటితో స్పష్టంగా చెప్పాలి. నేనూ వస్తాను, పదండి."

వెంకాయమ్మను మెరకపేటలో వలలు అల్లే షెడ్డుకు పంపారు. ఇద్దరూ వెళ్ళేసరికి ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని అల్లుతున్నారు. వాళ్ళ ఎదుట గోడకు గురిసూది. షెడ్డు నిండా మనుషులే, మాట మాత్రం లేదు. వెంకాయమ్మ చిక్కిపోయింది. వీళ్ళను చూసి కూడా అల్లిక ఆపలేదు.

సీతారత్నం గొంతు సవరించుకుంది. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఇంకోలా బయటికొచ్చాయి. కిందపడి ఉన్న వల చెంగుతో అంది:

"ఏమే వలా, కొంతమంది ఇక్కడ నీడపట్టున కూచుని సుఖం మరిగారే. అక్కడ లాకు మీద పిల్లకాకిని పెట్టారు, దానికి దుంగా తెలీదు, పీతా తెలీదు. ఏ పడవో మునిగితే ఆ ఉసురు ఎవరికి తగులుద్ది? సిగ్గున్నోళ్ళైతే ఈపాటికి పెట్టె సర్దుకుని వచ్చేద్దురు."

అంతకంటే బతిమాలడం ఆమెకు చేతకాదు. అంతకంటే బతిమాలడం వెంకాయమ్మకూ అక్కర్లేదని ఆమెకు తెలుసు. వెంకాయమ్మ తిరిగి తిడుతుంది. వలనో, దబ్బనాన్నో పట్టుకుని ఏకిపారేస్తుంది. అందులో ఎక్కడో వస్తానన్న మాట ఉంటుంది. దాన్ని తను ఏరుకుంటుంది.

పలక ఎర్రబడింది. "ఈ వాక్యంలో 'దే' అంటే వెంకాయమ్మ గారేనా?"

వెంకాయమ్మ దబ్బనం పక్కన పెట్టింది. లేచి నిలబడి కొంగు సర్దుకుంది. చెయ్యి చాచి 'అవును' నొక్కింది. షెడ్డులో అల్లికలు ఆగిపోయాయి. అప్పుడు ఆమె సీతారత్నం ముఖంలోకి చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది.

"నమస్కారమండీ సీతారత్నం గారూ. వెంకాయమ్మ తూర్పుకట్ట లాకుకు రాదు. వెంకాయమ్మకు సీతారత్నం గారితో మాట్లాడవలసిన పని లేదు. సీతారత్నం గారు వెళ్ళవచ్చు."

గారు. వెళ్ళవచ్చు. కాపురానికొచ్చిన నాటి నుంచి 'ఒసే' తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరు అది. సీతారత్నం ఒక అడుగు ముందుకేసింది. "అక్కా" అంది. ఎన్నేళ్ళకో వచ్చిన పిలుపు. పలక దాన్ని కూడా వెంకాయమ్మ పేరుకే ముడిపెట్టి, 'కచ్చితం' అని చూపించింది.

వెంకాయమ్మ కూర్చుని మళ్ళీ దబ్బనం అందుకుంది.

హిమజ బయటికొస్తూ బాధగానే అంది: "మనం అనుకున్నది జరగలేదు. కానీ ఆవిడ ఎంత స్పష్టంగా చెప్పారండీ! ఒక్క మాటకూ సూది ఆగలేదు."

సీతారత్నం రేవు మెట్ల దగ్గర నిలబడిపోయింది. ఏసుపాదం పడవ తాడు విప్పి, "ఎక్కండమ్మా, నీరు ఎనక్కి తీత్తంది" అన్నాడు. ఆమె కదల్లేదు. షెడ్డు గుమ్మం తెరిచే ఉంది. అక్కడి నుంచి గట్టిగా అంటే ఇక్కడికి వినబడుతుంది. వీపు అటు పెట్టి, మాట పడడానికి వీలుగా తల కొంచెం వంచి, ఆమె అలాగే నిలబడింది.

"ఎవరి కోసమండీ?" అన్నాడు ఏసుపాదం.

అతను మళ్ళీ పిలిచాడు. లోపల అల్లిక చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.